సింగపూర్ దాకా వచ్చి పనీర్ బటర్ మసాలా తిని వెళ్లిపోతున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఆదివారం పేజీల్లో సింగపూర్ ఫుడ్ కోర్టుల మీద వేసిన వ్యాసం చదివాను. ఫోటోలు బావున్నాయి. కానీ మాల్‌లో ఉండే ఏసీ ఫుడ్ కోర్టునీ, వీధుల్లో వండి అమ్ముకునేవాళ్ల కోసం గవర్నమెంటు కట్టించిన హాకర్ సెంటర్‌నీ ఒకే గాటన కట్టేశారు, పైగా చివర్లో చూడదగ్గ ప్రదేశాలు అని లిస్టు ఇచ్చారు, అక్కడ చూడ్డానికేముందండీ, తినాలి గానీ. నేను ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ చాలా ఏళ్లుగా ఉంటున్నదాన్ని, మా అపార్ట్‌మెంటుకి నడిచెళ్లే దూరంలో హాకర్ సెంటర్ ఉంది, వారంలో సగం రోజులు రాత్రి తిండి అక్కడే, అందుకని రాయాలనిపించింది.

నిజం చెప్పాలంటే నా బాధ మీ వ్యాసం గురించి కాదు, మన టూర్ ప్యాకేజీల గురించి. ఎండాకాలం సెలవులొస్తే చాలు మనవాళ్లు గుంపులు గుంపులుగా దిగుతారు. చుట్టాలెవరైనా అలా వచ్చి ఒక పూట మా ఇంటికొస్తే ఏం తిన్నారు అని అడుగుతాను, ఎప్పుడడిగినా ఒకటే సమాధానం, పొద్దున హోటల్లో బ్రెడ్డు ఆమ్లెట్టు, మధ్యాహ్నం ఒక ఇండియన్ రెస్టారెంట్లో బఫే, రాత్రి ఇంకో ఇండియన్ రెస్టారెంట్లో బఫే. పనీర్ బటర్ మసాలా, జీరా రైసు, పసుపుపచ్చ పప్పు, గులాబ్ జామ్. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. మెర్లయన్ విగ్రహం దగ్గర ఫోటో, సెంటోసా దీవి, యూనివర్సల్ స్టూడియోస్, గార్డెన్స్ బై ది బే అన్నీ చూపిస్తారు, ఈ ఊరి జనం ఏం తింటారో, ఎక్కడ కూర్చుని తింటారో మాత్రం బస్సు అద్దంలోంచి కూడా చూపించరు. ఆ పనీరేదో ఇంటి దగ్గరే తినొచ్చుగా, అదీ ఇంతకన్నా బావుంటుంది.

హాకర్ సెంటర్ ఎలా వచ్చిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. 19వ శతాబ్దం నుంచి చైనా నుంచి, మన దేశం నుంచి, మలయ్ దీవుల నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లు కావిడి వేసుకుని, తోపుడు బండి తోసుకుని వీధుల్లో వండి అమ్ముకునేవాళ్లు. దేశం ఏర్పడిన కొత్తల్లో, 1968-69లో, గవర్నమెంటు వీళ్లందర్నీ నమోదు చేస్తే దాదాపు 18 వేల మంది తేలారు. కుళాయి లేదు, డ్రైనేజీ లేదు, ఎంగిలి నీళ్లన్నీ కాలవల్లోకి, అక్కణ్ణించి నదిలోకి. మామూలుగా ఇలాంటప్పుడు ఏ ఊళ్లో అయినా ఏం చేస్తారో మనకి తెలుసు, లారీ తెచ్చి బళ్లు ఎత్తుకుపోతారు. ఇక్కడ 1971 నుంచి 1986 దాకా నీళ్లు, కరెంటు, మురుగు పైపులు ఉన్న షెడ్లు కట్టి ఒక్కొక్క వీధి వాళ్లనీ తీసుకొచ్చి అందులో పెట్టారు, మొదట్లో వచ్చిన వాళ్లకి అద్దె బాగా తగ్గించి మరీ ఇచ్చారు. పంపించెయ్యడం కాకుండా చోటు చూపించడం అన్నమాట, అంతా దాంట్లోనే ఉంది. అలా కట్టినవీ, ఆ తర్వాత పాతికేళ్లు ఆపేసి 2011లో మళ్లీ కడతామని చెప్పి కట్టినవీ కలిపి ఇప్పుడు 110కి పైనే ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో వాళ్లు వారసత్వ జాబితాలో చేర్చింది దీన్నే, బిల్డింగుల్ని కాదు, ఇలా వండుకుని అమ్మడం, అన్ని జాతుల వాళ్లూ ఒకే చోట కూర్చుని తినడం అనే ఈ పద్ధతిని.

ఫుడ్ కోర్టు వేరు. అది 1980ల్లో మాల్స్‌తో పాటు వచ్చింది, ప్రైవేటు కంపెనీలు నడుపుతాయి, ఏసీ ఉంటుంది, ప్లేటుకి ఒకట్రెండు డాలర్లు (నేను రాసేవన్నీ సింగపూర్ డాలర్లే) ఎక్కువ పడుతుంది. తప్పేం లేదు, ఎండకి ఉక్కపోతకి తట్టుకోలేని పెద్దవాళ్లతో వచ్చినప్పుడు నేనూ అక్కడికే తీసుకెళ్తాను. కాకపోతే అక్కడ కౌంటర్లో ఉండేది జీతానికి పనిచేసే కుర్రాడు, రేపు ఇంకో కౌంటర్లో ఉంటాడు. హాకర్ సెంటర్లో స్టాల్ వెనక నిలబడినాయన ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క వంటకమే చేస్తూ ఉంటాడు, వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుని ఉంటాడు, ఇంకోటి అడిగితే చెయ్యడు. మెనూలో రెండే ఐటమ్స్ ఉన్న స్టాల్ ముందు నలభై మంది లైను ఉందంటే ఇంక ఆలోచించక్కర్లేదు, వెనకాల నిలబడిపోవడమే.

ఎక్కడికెళ్లాలి అంటే, మొదటిసారి వచ్చినవాళ్లకి నేను చెప్పేది చైనాటౌన్ దగ్గర మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్. హైనాన్ చికెన్ రైస్ అక్కడ తినాలి, కోడిని నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లతోనే అల్లం వెల్లుల్లి వేసి అన్నం వండుతారు, చూడ్డానికి తెల్లగా చప్పగా కనిపిస్తుంది, మనవాళ్లు మొహం మాడ్చుకుంటారు, పక్కనిచ్చే మిరపకాయ పచ్చడి వేసుకుని ఒక ముద్ద తిన్నాక మాట్లాడరు. దానికి కాస్త దూరంలోనే చైనాటౌన్ కాంప్లెక్స్, మొత్తం దేశంలో అతి పెద్దది, రెండో ఫ్లోర్లో 200కి పైగా స్టాల్స్, లోపల దారి తప్పిపోవడం ఖాయం. 2016లో హోటళ్లకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి సింగపూర్ వచ్చినప్పుడు రెండు హాకర్ స్టాల్స్‌కి ఒక్కో స్టార్ ఇచ్చింది, అందులో ఒకటి ఈ కాంప్లెక్స్‌లోదే, సోయా సాస్ చికెన్ రైసు, అప్పట్లో 2 డాలర్లు, ప్రపంచంలో అతి చవకైన మిషెలిన్ భోజనం అని పేపర్లన్నీ రాశాయి. 2021లో ఆ స్టార్ పోయింది. పోనివ్వండి, స్టార్ ఉందని తినేవాళ్లు మొదట్నించీ టూరిస్టులే, చుట్టుపక్కల ముసలివాళ్లు దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

లావ్ పా సాట్ మాత్రం బిల్డింగు కోసం కూడా వెళ్లొచ్చు. 1894లో కట్టిన ఎనిమిది పలకల మార్కెట్టు, పోత ఇనుము స్తంభాలు, చుట్టూ బ్యాంకుల ఆకాశహర్మ్యాలు, మధ్యలో ఇది. సాయంత్రం అయ్యాక పక్కనున్న బూన్ టాట్ వీధిలో కార్లు ఆపేసి బల్లలు వేసి సాతే, అంటే పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు, కాలుస్తారు, బొగ్గుల పొగ వీధంతా కమ్ముకుంటుంది. ధర కొంచెం ఎక్కువే, తెలిసే తినాలి. మలయ్ వంటలు కావాలంటే గేలాంగ్ సెరాయ్ సెంటర్. లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ ఎలాగూ ఉంది, మెట్రో దిగితే ఎదురుగానే, కింద చేపలు మాంసం మార్కెట్టు, పక్కనే బిర్యానీ, పరోటాలు, దోశలు, పైన చీరలు, టైలర్లు. ప్యాకేజీ బస్సులు ఆగే రెస్టారెంట్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి, నాలుగడుగులు నడిస్తే టెక్కా, ఆ నాలుగడుగులే నడవనివ్వరు.

న్యూటన్ ఫుడ్ సెంటర్ గురించి ఒక మాట. టూరిస్టుల్లో పేరు మోగిపోయింది, అదే దానికి చేటు. సీ ఫుడ్ స్టాల్స్ వాళ్లు దారికడ్డంగా వచ్చి మెనూ కార్డు చేతిలో పెట్టేవాళ్లు, రేటు తూకాన్ని బట్టి అని రాసి ఉండేది, 2009లో అక్కడ ఒక స్టాల్ వాళ్లు కొందరు అమెరికన్లకి దాదాపు 500 డాలర్ల బిల్లు వేస్తే పెద్ద గొడవై స్టాల్‌ని కొన్నాళ్లు మూయించారు. టూరిస్టుల కోసమే అని మొదలుపెట్టిన ఫుడ్ కోర్టు ఎక్కడైనా ఇలాగే తయారవుతుంది అని నా అభిప్రాయం, ఎందుకంటే వచ్చినవాడు మళ్లీ రాడని అమ్మేవాడికి తెలుసు. రోజూ వచ్చే పక్కింటి వాడు ఉన్నచోట ఆ ఆట సాగదు, పిండి కాస్త ఉప్పగా ఉంటే మర్నాడు మొహం మీదే చెప్తాడు. అందుకే మీరు ఏ సెంటర్‌కి వెళ్లినా ముందు చూడాల్సింది ఎవరు తింటున్నారు అని, యూనిఫామ్‌లో స్కూలు పిల్లలు, టాక్సీ డ్రైవర్లు, చేతికర్రతో వచ్చిన తాతగారు ఉన్నారంటే కూర్చోండి.

ఇప్పుడు అసలు సమస్యకి వస్తా, శాకాహారం. మా పిన్నిలాంటి వాళ్లకి ఇక్కడ ఏం తినాలో తెలీకే కదా ప్యాకేజీ వాడు పనీర్ దగ్గరికి తీసుకెళ్లేది, దాన్ని నేను కాదనను. కానీ చాలా హాకర్ సెంటర్లలో చైనీస్ బౌద్ధుల వెజిటేరియన్ స్టాల్ ఒకటి ఉంటుంది, చాలా వాటిల్లో ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, అంటే మన ఇళ్లల్లో పూజ రోజు తినేవాళ్లు కూడా తినొచ్చు. గుడ్డు విషయం మాత్రం అడిగి తీసుకోవాలి. పొద్దున పూట వాళ్ల దగ్గర బీ హూన్ అని సన్నటి బియ్యపు సేమ్యా వేయించి పెడతారు, దాని మీద వేయించిన సోయా పొర, కాస్త క్యాబేజీ, నాలుగైదు డాలర్లలో కడుపు నిండిపోతుంది. ఒక్క చిక్కేంటంటే అదే స్టాల్లో సోయాతో, గోధుమ జిగురుతో బాతులా, చేపలా, రొయ్యలా అచ్చు గుద్దినట్టు చేసి పెడతారు, మా పిన్ని ఆ రొయ్యని చూసి పేగులు నోట్లోకొచ్చినంత పని చేసింది, అది రొయ్య కాదు పిన్నీ అంటే ఎవరు నమ్ముతారు.

వేరే స్టాల్స్‌లో మాత్రం జాగ్రత్త. నో మీట్ అని చెప్తే సరిపోదు, మీట్ అంటే వాళ్ల లెక్కలో కోడి, పంది, గొడ్డు, అంతే, చేప గుడ్డు రొయ్య దాంట్లోకి రావు. ఉత్త ఆకుకూర వేయించినా ఆయిస్టర్ సాస్ పోస్తారు, అది ఆల్చిప్పలతో చేసేది. సంబల్ ఎర్రగా మన పచ్చడిలా కనిపిస్తుంది, అందులో బెలచాన్ అని రొయ్యల ముద్ద ఉంటుంది. రోజాక్ పళ్లముక్కల సలాడ్ కదా అని తీసుకుంటారు, దాని మీద పోసే నల్లటి పాకంలోనూ రొయ్యే. లక్సా కొబ్బరిపాల పులుసు కదా అనుకుంటారు, ఎండురొయ్యలు లేకుండా దాని రుచే రాదు. క్యారెట్ కేక్ అని బోర్డు ఉంటుంది, క్యారెట్టూ ఉండదు కేకూ కాదు, ముల్లంగి బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద ఉడికించి ముక్కలు కోసి గుడ్డుతో వేయిస్తారు. ప్రాటా అంటే మన పరోటానే, ఇంచుమించు ప్రతి సెంటర్లోనూ దొరుకుతుంది, దాంతో ఇచ్చే కూర చాలాసార్లు చేపదో మటన్‌దో అవుతుంది, పప్పు కావాలని ముందే అడగాలి. పైన చెప్పిన ఏ గొడవా లేనివి చెప్తాను, చెరుకు రసం, సోయాపాలతో చేసే మెత్తటి టావ్ హ్వే, ఐస్ తురుము మీద రంగు పాకాలు పోసిన ఐస్ కచాంగ్, పళ్ల స్టాల్. పిల్లలకి ఇవి చాలు.

ముస్లిం పాఠకులకి కూడా చెప్పాలి, హలాల్ స్టాల్ మీద సర్టిఫికెట్ కనిపించేలా పెడతారు, వాటి ప్లేట్లు ట్రేలు వేరే రంగువి, తిన్నాక తిరిగి పెట్టే ర్యాకులు కూడా వేరు, ఇంకో దాంట్లో కలపకూడదు. ఒకే బల్ల దగ్గర ఒకడు పంది నూడుల్స్, ఒకావిడ హలాల్ నాసి లెమాక్ (కొబ్బరిపాలతో వండిన అన్నం), ఇంకొకరు శాకాహారం తింటూ ఉంటారు, ఎవరి పళ్లెం వాళ్లది, ఎవరూ ఎవరి వంకా చూడరు. మీ వ్యాసంలో సంస్కృతి సంస్కృతి అని చాలాసార్లు రాశారు, నాకైతే ఈ ఊళ్లో సంస్కృతి అంటే ఆ బల్లే.

పద్ధతులు కొన్నున్నాయి, తెలీకపోతే ఇబ్బంది. బల్ల మీద టిష్యూ ప్యాకెట్టో గొడుగో పెట్టి ఉందంటే ఎవరో సీటు పట్టుకుని లైన్లోకి వెళ్లారని అర్థం, తీసి పక్కన పెట్టి కూర్చోకండి. చోటు లేకపోతే అపరిచితుల బల్ల దగ్గర ఖాళీ కుర్చీ చూపించి అడిగి కూర్చోవచ్చు, అందరూ అదే చేస్తారు. తిన్నాక ట్రే, ఎంగిలి టిష్యూలతో సహా, మీరే తీసుకెళ్లి ర్యాకులో పెట్టాలి, 2021 సెప్టెంబరు నుంచి ఇది రూలు, ఒకసారి వార్నింగు రాసిస్తారు, రెండోసారి పట్టుబడితే 300 డాలర్ల జరిమానా. మనవాళ్లు లేచి చేతులు దులుపుకుని వెళ్లిపోతుంటే పక్క బల్ల ముసలాయన గొణుక్కుంటూ వీళ్ల ట్రే ఎత్తడం నేను చూశాను, తలెత్తుకోలేకపోయాను. స్టాల్ వాళ్లని అంకుల్, ఆంటీ అని పిలుస్తారు, ఈ విషయంలో మనకి కొత్తగా నేర్చుకునేదేం లేదు. క్యాష్ దగ్గర పెట్టుకోండి, చిన్న నోట్లు. బోర్డు మీద ఎంత ఉంటే అంతే కడతారు, రెస్టారెంట్లలోలా దాని పైన సర్వీస్ చార్జీ 10 శాతం, టాక్స్ 9 శాతం అని కలపరు. బేరం ఆడకండి ప్లీజ్.

కాఫీకి కూడా ఒక భాష ఉంది. కోపీ అంటే తియ్యటి డబ్బా పాలతో చిక్కటి కాఫీ, కోపీ ఓ అంటే పాలు లేకుండా, కోపీ సీ అంటే తియ్యదనం లేని డబ్బా పాలు పోసి చక్కెర వేసి, చివర కోసోంగ్ అని తగిలిస్తే చక్కెర బంద్. షుగరున్న మా బాబాయికి నేను నేర్పింది ఒక్కటే మాట, కోపీ సీ కోసోంగ్, ఆయన అది పట్టుకుని రోజూ ఒంటరిగా కిందికెళ్లి తాగొచ్చేవాడు, ఇంగ్లీషు పెద్దగా రాని మనిషి. తే అంటే టీ, తే హలియా అంటే అల్లం టీ, మనవాళ్లకి ఇది ఎక్కడైనా నచ్చుతుంది.

ప్యాకేజీ వాళ్ల కష్టం నాకు తెలీక కాదు. నలభై మందిని ఒకేసారి మధ్యాహ్నం 12 గంటలకి హాకర్ సెంటర్‌కి తీసుకెళ్తే కూర్చోబెట్టడం అసాధ్యం, ఆఫీసుల వాళ్లంతా అప్పుడే దిగుతారు. కానీ పదిన్నరకి తీసుకెళ్లండి, లేదా మూడింటికి. మనిషికి 10 డాలర్లు చేతిలో పెట్టి గంట టైమిచ్చి వదిలెయ్యండి, బఫేకి మీరు కట్టేదానికన్నా తక్కువే అవుతుందని నా అనుమానం. గైడు శాకాహారులని మాత్రం వెంటబెట్టుకుని వెజిటేరియన్ స్టాల్ చూపిస్తే చాలు, మిగతావాళ్లు వాళ్లే తిరుగుతారు. ఒకటి గుర్తుంచుకోవాలి, చాలా స్టాల్స్ సోమవారం మూసేస్తారు, కొన్ని మధ్యాహ్నం రెండింటికే సరుకైపోయి కట్టేస్తాయి, సెంటర్ మొత్తం క్లీనింగ్ కోసం మూసే రోజులు కూడా ఉంటాయి, ఆ తేదీలు నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ సైట్‌లో పెడతారు, చూసుకుని రావాలి.

ఎన్నాళ్లుంటాయో ఇవి అన్న బెంగ కూడా ఉంది నాకు. స్టాల్ వాళ్లలో ఎక్కువమంది అరవైకి దగ్గర పడ్డవాళ్లో దాటినవాళ్లో, తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి పొయ్యి వెలిగించే పని, కొడుకులు కూతుళ్లు ఆఫీసుల్లో స్థిరపడ్డారు, ఆ వేడిలోకి ఎవరొస్తారు. కొత్తవాళ్లకి ట్రైనింగు, మొదట్లో అద్దె తగ్గింపు అని గవర్నమెంటు స్కీములు పెట్టింది. కానీ కొత్తగా టెండర్లో స్టాల్ తీసుకున్నవాడికి అద్దె పాతవాళ్ల కన్నా చాలా ఎక్కువ, సరుకుల రేట్లు పెరిగాయి, వాడు నూడుల్స్ మీద 50 సెంట్లు పెంచితే మాత్రం ఊరంతా గోల చేస్తుంది. మాల్‌లో కాఫీకి 8 డాలర్లు మారు మాట్లాడకుండా కట్టేవాళ్లే ఆ గోల చేసేది, ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

వచ్చే నెల మా మావయ్య వాళ్లు ఒక ప్యాకేజీలో వస్తున్నారు. అందులో ఉన్న ఇండియన్ డిన్నర్లలో ఒకటైనా కాన్సిల్ చేయించుకోమని చెప్పాను, అడిగితే డబ్బులు వెనక్కి రావు మేడమ్ అన్నాడట ఆపరేటరు. రాకపోతే పోయాయి, ఆ రాత్రి బస్సెక్కకుండా హోటల్ దగ్గరే ఉండండి, నేను వచ్చి తీసుకెళ్తాను అని చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, సింగపూర్